కొండవాలు మీద పరాయి బండ

స్విట్జర్లాండులో మోంతే అనే చిన్న పట్నం ఉంది. రోన్ నది ఆల్ప్స్ పర్వతాల నడిమి నుంచి బయటపడి, మనం జెనీవా సరస్సు అని పిలిచే లెమాన్ సరస్సులో కలవబోయే ముందు, ఎడమ గట్టున, పాదకొండలకు ఆనుకుని ఉంటుంది. ఆ ఊళ్ళో ఆసుపత్రి పక్కన ఒక బండ ఉంది. పేరు పియెర్ దే మార్మెత్. ఘనపరిమాణం 1,824 ఘనపు మీటర్లు. ఘనపు మీటరు గ్రానైటు రెండున్నర టన్నులకు పైనే తూగుతుంది కాబట్టి బరువు దగ్గర దగ్గర 4,800 టన్నులు. దాని నెత్తిన ఒక చిన్న ఇల్లు కూడా కట్టారంటే అది ఎంత బండో ఊహించుకోవచ్చు.

రాళ్ళ గురించి ఓనమాలు తెలియనివాళ్ళకు కూడా దాన్ని చూడగానే వచ్చే సందేహం ఒకటే: ఇంత బండను ఇక్కడికి ఎవరు తెచ్చారు?

పైనుంచి దొర్లి ఉంటుందిలే అని ఊరుకోవడానికి వీల్లేదు. బండ గ్రానైటు. దాని వెనకా చుట్టుపక్కలా ఉన్న కొండ సున్నపురాయి జాతి, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్న మట్టి గట్టిపడి అయినది. ఆ వాలు వెంట ఎంత పైకి ఎక్కినా ఇలాంటి గ్రానైటు కనబడదు. దీని పుట్టిల్లు మాంట్ బ్లాంక్ పర్వత సముదాయం. లోయ వెంట వెళ్తే సుమారు నలభై కిలోమీటర్లు. మధ్యలో మార్తిన్యీ ఊరి దగ్గర లోయ లంబకోణంలో మలుపు తిరుగుతుంది కూడా. అంటే ఈ బండ ఎక్కడో పుట్టి, ఒక మలుపు తిరిగి, ఇక్కడికొచ్చి ఆగింది.

ఇది ఒంటరి బండ కూడా కాదు. మోంతే పైన వాలులో ఇలాంటివి ఒక పట్టీలాగా పరుచుకుని ఉండేవి. పంతొమ్మిదో శతాబ్దంలో వాటిలో చాలావాటిని పగలగొట్టి మెట్లకూ గడపలకూ అమ్మేశారు. ఇంకా ఆశ్చర్యం ఏమిటంటే, సరస్సు దాటి, మైదానం దాటి, అవతల ఉన్న జురా కొండల మీద కూడా ఆల్ప్స్ గ్రానైటు బండలు ఉన్నాయి. నుషాటెల్ నగరం పైన అడవిలో ఉన్న పియెర్-ఆ-బో వాటిలో పేరున్నది. అది కూడా మాంట్ బ్లాంక్ నుంచి వచ్చిందే. నూరు కిలోమీటర్లకు తక్కువ ప్రయాణం కాదు.

శాస్త్రజ్ఞులు వీటికి ఎర్రాటిక్ బ్లాకులు అని పేరు పెట్టారు. ఈ పుస్తకంలో వీటిని వలసబండలు అందాం.

మన ప్యాకేజీ టూర్లలో వలసబండలు ఉండవు. బస్సు మోంత్రోలో కాసేపు ఆపి, షియోన్ కోట ముందు ఫొటోలు తీయించి, ఇంటర్‌లాకెన్ వైపు తిప్పేస్తారు. తెలుగు సినిమా పాటల్లో నాయికా నాయకులు పరుగెత్తిన పచ్చిక వాలులన్నీ చూపిస్తారు గానీ, ఆ పచ్చిక మధ్యలో పడున్న రాయి సంగతి ఎవరూ ఎత్తరు. దాని సంగతి తెలియాలంటే బస్సు దిగి నడవాలి. ఆ దేశంలో నడిచేవాడికి లోటు లేదు. పసుపుపచ్చ బోర్డులు పాతిన కాలిబాటలు అరవై అయిదు వేల కిలోమీటర్ల పైన ఉన్నాయి. నడకదారుల బాధ్యత రాజ్యాంగంలోకి ఎక్కింది, 1979లో ప్రజలు ఓటు వేసి ఎక్కించారు. ఆ బోర్డుల మీద ఫలానా ఊరు ఎన్ని కిలోమీటర్లో రాయరు, ఎంతసేపు నడవాలో రాస్తారు. కొండదేశంలో తెలివైన లెక్క అదే.

మంచుయుగం అనే మహా సిద్ధాంతం ఈ లోయల్లోనే పుట్టింది. పుట్టించినవాళ్ళు పొట్టకూటి కోసం కొండల్లో నడిచినవాళ్ళు. పండితులు తరవాత వచ్చారు.

నీళ్ళ మీద పడ్డ నింద

మొదట్లో అందరూ నీళ్ళనే అనుమానించారు. అందులో వింత లేదు. యూరపువాళ్ళకు బైబిల్లోని జలప్రళయం చిన్నప్పటి నుంచీ తెలిసిన కథ. మతాన్ని పక్కన పెట్టి ఆలోచించినవాళ్ళకు కూడా పెద్ద రాయిని కదిలించగల శక్తి వరద ఒక్కటే అనిపించింది. ఆల్ప్స్ పర్వతాలను కాలినడకన గాలించి, 1787లో మాంట్ బ్లాంక్ శిఖరం ఎక్కిన జెనీవా శాస్త్రవేత్త సొస్యూర్ కూడా ఈ బండలు మహా జలప్రవాహంలో కొట్టుకొచ్చాయనే నమ్మాడు. ఇంగ్లండులో చార్లెస్ లయెల్ ఇంకో దారి చూపాడు: ఒకప్పుడు ఇదంతా సముద్రం, మంచుకొండలు రాళ్ళను మోసుకుంటూ తేలుతూ వచ్చాయి, కరిగినచోట రాళ్ళు అడుక్కి జారాయి అని.

ఇప్పుడు బండ దగ్గరికి వెళ్ళి చూడండి. అంచులు పదునుగా ఉన్నాయి. ఏటిలో దొర్లిన రాయికి కోణాలు మిగలవు. గోదావరి గులకరాళ్ళను చేత్తో పట్టి చూసినవాళ్ళకు ఈ సంగతి వేరే చెప్పక్కరలేదు. వరద నలభై కిలోమీటర్లు దొర్లించిన రాయికి మూలలు అరక్కుండా ఎలా ఉన్నాయి?

రెండో చిక్కు సరస్సుతో వస్తుంది. లెమాన్ సరస్సు డెబ్బై కిలోమీటర్ల పైన పొడవు, లోతైనచోట 310 మీటర్లు. ఆల్ప్స్ నుంచి జురా కొండలకు వరద బండలను దొర్లించుకుపోయిందంటే, దారిలో ఉన్న ఈ గోతిలో అవన్నీ పడిపోయి ఉండాలి. గొయ్యి పూడితే తప్ప అవతలికి ఒక్క రాయి కూడా దాటకూడదు. గొయ్యి పూడలేదు, బండలు మాత్రం అవతలి కొండవాలు మీద, సరస్సు మట్టానికి వందల మీటర్ల ఎత్తున కూర్చున్నాయి. సముద్రం కథకు కూడా సాక్ష్యం లేదు. ఆ బండల మధ్య మట్టిలో సముద్రపు గవ్వ ఒక్కటి దొరకలేదు.

వేటగాడి మాట

మార్తిన్యీ దగ్గర రోన్ నదిలో కలిసే ఏరు పేరు ద్రాన్స్. ఆ ఏటి పాయల్లో ఒకదాని వెంట పైకి వెళ్తే బాన్ లోయ, అందులో లూర్తియే అనే పల్లె. అక్కడ ఝాన్ పియెర్ పెరోదాన్ అనే రైతు ఉండేవాడు. షామ్వా అనే కొండమేకలను వేటాడటంలో చెయ్యి తిరిగినవాడు. ఏడాదిలో సగం రోజులు అతని నడకంతా మంచునదుల అంచుల వెంటే. మంచునది అంటే పాఠ్యపుస్తకాల్లో హిమానీనదం.

1815లో అతని ఇంట్లో ఒక రాత్రి బస చేసిన అతిథి ఝాన్ ద షార్పాంతియే. జర్మనీలో గనుల నగరం ఫ్రైబర్గ్‌లో పుట్టి, రోన్ లోయలో బే అనే ఊరి ఉప్పుగనులకు డైరెక్టరుగా వచ్చిన భూగర్భ శాస్త్రవేత్త. మాటల మధ్యలో పెరోదాన్ ఒక సంగతి చెప్పాడు: మా లోయ పైన ఇప్పుడున్న మంచు ఒకప్పుడు మార్తిన్యీ దాకా ఉండేది, అక్కడి బండలు నీళ్ళు మోసేంత చిన్నవి కావు, మంచే మోసింది.

అతని దగ్గర ఉన్న ఆధారం బండల సైజు ఒక్కటే కాదు. బతికున్న మంచునది వెనక్కి తగ్గినప్పుడు బయటపడిన రాతినేల మీద సన్నని గీతలు ఉంటాయని, అవన్నీ మంచు నడిచిన దిక్కునే సాగుతాయని అతను చూశాడు. అలాంటి గీతలే ఇప్పుడు మంచు ఆనవాలు లేని చోట, కోసుల దూరం కింద కూడా ఉన్నాయని గమనించాడు. అక్కడి నుంచి తీర్మానానికి రావడానికి యూనివర్సిటీ చదువు అవసరం లేదు.

షార్పాంతియే అప్పుడు నమ్మలేదు. ఆలోచించడానికైనా తగనంత విపరీతమైన మాటగా అనిపించిందని పాతికేళ్ళ తరవాత ఆయనే తన పుస్తకంలో రాసుకున్నాడు. పెద్ద చదువు చదివినవాడు ఒక వేటగాడి మాటను కొట్టిపారేయడం చరిత్రలో కొత్త కాదు. దాన్ని అచ్చులో ఒప్పుకోవడం మాత్రం అరుదు.

ఎండ కాయని వేసవి

కథను మలుపు తిప్పినది ఇండోనేషియాలోని ఒక అగ్నిపర్వతం. 1815 ఏప్రిల్‌లో తంబోరా పేలింది. అది ఆకాశంలోకి ఎగజిమ్మిన గంధకపు ధూళి భూమి చుట్టూ తెరకట్టి ఎండను అడ్డుకుంది. మరుసటి ఏడు, 1816లో, యూరపుకు వేసవే రాలేదు. పంటలు పోయాయి. లెమాన్ సరస్సు ఒడ్డున విడిది చేసిన ఇంగ్లీషు కవులు వానకు ఇంట్లోంచి కదల్లేక దెయ్యాల కథలు చెప్పుకున్నారు. మేరీ షెల్లీ "ఫ్రాంకెన్‌స్టైన్" మొదలుపెట్టింది అప్పుడే. ఆ జూన్‌లోనే ఆ కవులు బైరన్, షెల్లీ పడవలో వెళ్ళి షియోన్ కోట చూసొచ్చారు.

వాళ్ళ తలల పైన కొండల్లో ఇంకొకటి జరుగుతోంది. వేసవిలో కరగవలసిన మంచు కరగలేదు. దాని మీద మళ్ళీ మంచు పడింది. మంచునదులు బలిసి కిందికి దిగడం మొదలెట్టాయి. పెరోదాన్ ఊరికి ఎగువన జియెత్రో మంచునది కొండ అంచు మీద వేలాడుతూ ఉంటుంది. దాని నుంచి విరిగిపడిన మంచుదిమ్మలు కింద ద్రాన్స్ ఏటిని ఇరుకైన చోట మూసేశాయి. మంచు ఆనకట్ట వెనక 1818 వసంతానికి కిలోమీటర్ల పొడవున సరస్సు నిలిచింది.

దాన్ని ఖాళీ చేసే పని ప్రభుత్వం ఇగ్నాజ్ వెనెట్స్ అనే ఇంజనీరుకు అప్పగించింది. ఆయన మంచు ఆనకట్టలోంచి సొరంగం తొలిపించాడు. రాత్రింబగళ్ళు పని జరిగింది. సొరంగం గుండా మూడు రోజులు నీళ్ళు పారి, మూడో వంతు సరస్సు ఖాళీ అయింది కూడా. జూన్ 16న ఆనకట్ట తెగింది. వరద మార్తిన్యీని తొక్కుకుంటూ రోన్ లోయలో పడింది. పదుల మంది చనిపోయారు. సొరంగమే లేకపోతే ఎంతమంది పోయేవాళ్ళో.

ఆ రోజుల్లోనే వెనెట్స్‌కు పెరోదాన్ మాటలు చెవినపడ్డాయి. ఈయన విని ఊరుకోలేదు. లోయ లోయా తిరిగి, ఇప్పటి మంచుకు చాలా కింద ఉన్న పాత మంచుగట్లను, అంటే మంచు వదిలిపోయిన రాళ్ళ కుప్పలను, లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. 1821లో రాసిన వ్యాసం అచ్చు కావడానికి పన్నెండేళ్ళు పట్టింది. 1829లో గ్రేట్ సెయింట్ బెర్నార్డ్ కనుమలోని సత్రంలో స్విస్ ప్రకృతి శాస్త్రజ్ఞుల సభ జరిగింది. అందులో వెనెట్స్ లేచి, ఒకప్పుడు ఆల్ప్స్ మంచు జురా కొండల దాకా పరచుకుని ఉండేదని ప్రకటించాడు. దాదాపు ఎవరూ నమ్మలేదు. షార్పాంతియే మాత్రం దీన్ని తప్పని నిరూపించాలని బయల్దేరి, నిజమని తేల్చుకుని తిరిగొచ్చాడు.

1834లో షార్పాంతియే ఈ విషయం మీద ప్రసంగించడానికి లూసర్న్ వెళ్తున్నాడు. దారిలో ఒక కట్టెలు కొట్టేవాడు తోడు కలిశాడు. రోడ్డు పక్కన ఒక గ్రానైటు బండను షార్పాంతియే పరీక్షగా చూస్తుంటే, అది గ్రిమ్‌సెల్ కొండ నుంచి వచ్చిందని, తెచ్చింది గ్రిమ్‌సెల్ మంచునది అని, ఆ మంచు ఒకప్పుడు బెర్న్ దాకా ఉండేదని ఆ కూలీ తాపీగా చెప్పాడు. సభలోని పండితులను ఒప్పించలేని సిద్ధాంతం ఆ కొండల్లో అందరికీ తెలిసిన మాటే అన్నమాట.

మిగిలిన కథ లోకానికి తెలిసిందే. 1836 వేసవిలో లూయీ అగస్సీ అనే యువ శాస్త్రవేత్త బే వచ్చి, షార్పాంతియేతో కలిసి లోయంతా నడిచాడు. మరుసటి ఏడు జులైలో నుషాటెల్ సభలో, చేపల శిలాజాల మీద మాట్లాడతాడనుకున్నవాడు మంచుయుగం మీద ప్రసంగించి గగ్గోలు పుట్టించాడు. ఆ మాటను కల్పించినవాడు అతని స్నేహితుడు కార్ల్ షింపర్. అగస్సీ పుస్తకం 1840లో వచ్చింది. ఎంతో ముందు నుంచీ సాక్ష్యాలు పోగుచేస్తున్న షార్పాంతియే పుస్తకం 1841లో వచ్చింది. పేరు అగస్సీకి దక్కింది. నా మటుకు నాకు ఈ పంపకం నచ్చదు. అగస్సీ గొంతు పెద్దది, ఊహ కూడా పెద్దదే. అయితే అమెరికా వెళ్ళాక మనుషుల జాతుల గురించి అతను రాసిన రాతలు సిగ్గుపడవలసినవి. అందుకే నుషాటెల్ నగరం ఒక కూడలికి పెట్టిన అతని పేరును తీసేయాలని 2018లో నిర్ణయించింది. లూర్తియేలో పెరోదాన్ ఇల్లు ఇప్పుడు మంచునదుల మ్యూజియం.

చెరిగే నీరు, మోసే మంచు

మంచు గట్టి పదార్థం కదా, అది రాయిని ఎలా మోస్తుంది? అసలు అది కదలడమేమిటి?

ఎత్తు కొండల మీద ఒక ఏడు కురిసిన మంచు కరగకముందే మరుసటి ఏటి మంచు దాని మీద పడుతుంది. అలా ఏళ్ళ తరబడి పడితే అడుగు పొరల్లోని గాలి బయటికి పోయి అది గట్టి మంచుగడ్డ అవుతుంది. మందం కొన్ని పదుల మీటర్లు దాటిందంటే తన బరువును తానే భరించలేదు. పగలకుండానే, ముద్దగా, వాలు ఎటుంటే అటు సాగుతుంది. అడుగున నీటిపొర చేరితే నేల మీద జారుతుంది కూడా. వేగం ఏడాదికి కొన్ని పదుల మీటర్లు, బాగా పారేచోట నూరు, రెండు వందలు. ఏడాదికి నూరు మీటర్లు అనుకుంటే మాంట్ బ్లాంక్ బండ మోంతే చేరడానికి నాలుగు వందల ఏళ్ళు చాలు. మంచుయుగం లెక్కల్లో అదేమంత సమయం కాదు.

దారిపొడవునా రెండు వైపులా కొండల నుంచి రాళ్ళు విరిగి మంచు మీద పడుతుంటాయి. అక్కడే అసలు తేడా ఉంది. నీరు చేట. చేటలో గింజలు పోసి చెరిగితే బరువైనవి ఒక పక్కకీ, తేలికైనవి ఇంకో పక్కకీ, పొట్టు ఎక్కడికో పోతుంది. నది చేసే పని అదే. వేగం తగ్గినకొద్దీ ముందు బండలు, తరవాత గులకలు, తరవాత ఇసుక, చిట్టచివర ఒండ్రు, ఇలా దేన్నెక్కడ వదలాలో అక్కడ వదులుతుంది. రాజమండ్రి దగ్గర ఇసుక దొరికి, డెల్టాలో నల్లమట్టి దొరకడం ఈ చెరుగుడు వల్లనే. మంచుకు చెరగడం తెలియదు. ఇంటి సైజు బండ, పిడికెడు రాయి, పిండిలాంటి దుమ్ము అన్నీ కలిపి ఒకే వేగంతో మోసుకొస్తుంది. కరిగినచోట అన్నింటినీ ఒకేచోట కుప్పపోస్తుంది. ఆ కుప్పలే మంచుగట్లు, భూగర్భ శాస్త్రంలో మొరైన్లు. రోడ్డు కోసం కొండవాలును కోసినచోట మట్టి గోడ కనిపిస్తే ఆగి చూడండి. రాళ్ళు సైజుల వారీగా పొరలు పొరలుగా ఉంటే నీటి పని. కోణాలున్న రాయి, గుండ్రాయి, బురద అంతా కలగాపులగంగా ఉంటే మంచు పని.

బండ అంచులు ఎందుకు అరగలేదో కూడా ఇప్పుడు తెలిసింది. అది దొర్లలేదు, మంచు వీపు మీద కూర్చుని వచ్చింది.

అడుగున ఇరుక్కున్న రాళ్ళ గతి వేరు. మంచు రాయికన్నా మెత్తనిది, తానుగా రాతిని గీయలేదు. దాని అడుగున బిగిసిన గట్టి రాళ్ళు, పైన కిలోమీటరు మందం మంచు బరువుతో, నేలను గీసుకుంటూ పోతాయి. పెరోదాన్ చూసిన గీతలు అవే. ఆ రాపిడిలో రాలిన రాతిపిండి ఇప్పటికీ ఏరుల్లో కొట్టుకొస్తూనే ఉంది. వేసవిలో రోన్ నది లెమాన్‌లో కలిసేచోట నిలబడితే బూడిదరంగు నీళ్ళు నీలపు సరస్సులోకి వచ్చి, కొంతదూరం పోయి, ఉన్నట్టుండి మాయమవుతాయి. పిండి కలిసిన చల్లని నీరు బరువు, అందుకని సరస్సు అడుగుకు దిగిపోతుంది. అలా దిగిన నది అడుగున కాలువ కూడా తవ్వుకుంది. సరస్సుల శాస్త్రానికి ఆద్యుడైన ఫోరెల్ జీవితమంతా చదివింది ఈ సరస్సునే.

బండ ఎప్పుడు ఆగిందో చెప్పే పద్ధతి మాత్రం మన కాలంలో వచ్చింది. అంతరిక్షం నుంచి నిరంతరం పడే విశ్వకిరణాలు రాతిలోని పలుగురాయిని, అంటే క్వార్ట్జ్‌ను తాకినప్పుడు అందులో బెరీలియం-10 అనే అరుదైన పరమాణువులు పుడతాయి. బండ ఎంతకాలం ఆకాశం కింద ఉంటే అన్ని పరమాణువులు. వాటిని లెక్కిస్తే బండ వయసు కాదు, బండ ఆరుబయట పడిన వయసు తెలుస్తుంది. ఆల్ప్స్ ఉత్తరపు అంచున మంచు చివరిసారి బాగా విస్తరించింది సుమారు 24,000 ఏళ్ళ కిందట. ఆ తరవాత కొన్ని వేల ఏళ్ళలో మైదానాలను ఖాళీ చేసి లోయల్లోకి తగ్గిపోయింది. ఎందుకు వచ్చింది, ఎందుకు పోయింది అన్నవి భూమి కక్ష్యకు సంబంధించిన ప్రశ్నలు. వాటికి వేరే అధ్యాయం కావాలి.

లోయ వెంట నడక

ఇంగ్లండు నుంచి రోముకు వెళ్ళే పాత యాత్రికుల దారి, వియా ఫ్రాంచిజేనా, ఈ లోయ గుండానే పోతుంది. కాంటర్‌బరీ ఆర్చిబిషప్ సిగెరిక్ 990లో రోము నుంచి తిరిగొస్తూ మజిలీల జాబితా రాయించాడు. సాన్ మోరీస్, వెవే అందులో ఉన్నాయి. ఆ రెండిటి మధ్య దారినే ఇప్పుడూ నడవవచ్చు. పెద్ద ఎత్తులు ఎక్కే పని లేదు, మామూలు బూట్లు చాలు.

సాన్ మోరీస్ దగ్గర లోయ ఒక్కసారిగా ఇరుకవుతుంది. రెండు వైపులా సున్నపురాతి గోడలు, మధ్యలో నది, ఒక వంతెన, ఒక కోట. మంచు మెత్తని రాతిని తొలుచుకుపోయి, ఈ గట్టి రాతిని మాత్రం పూర్తిగా కోయలేకపోయింది. అలా మిగిలిన రాతి అడ్డుకట్టే ఈ ఇరుకు. తప్పించుకుపోయే దారి లేదు కనుక రోమన్లు ఇక్కడ సుంకపు గేటు పెట్టి సరుకు విలువలో నలభయ్యో వంతు వసూలు చేశారు. 515లో బర్గండీ రాజు సిగిస్మండ్ కొండగోడ కిందే మఠం కట్టించాడు. పదిహేను వందల ఏళ్ళుగా అక్కడ ప్రార్థన ఆగలేదు. కొండ కింద కట్టినందుకు అప్పుడప్పుడూ మూల్యం చెల్లించుకున్నారు. 1942లో పైనుంచి విరిగిపడిన బండ గంటగోపురాన్ని దెబ్బతీసింది.

అక్కడి నుంచి బే. షార్పాంతియే నడిపిన ఉప్పుగని ఇప్పటికీ పనిచేస్తోంది. 1684లో మొదటి సొరంగం తవ్వారు. ఇప్పుడు కొండ లోపల సొరంగాల పొడవు యాభై కిలోమీటర్లకు దగ్గర. ఆ ఉప్పు ఇరవై కోట్ల ఏళ్ళకు పైబడిన సముద్రం ఎండిపోతే మిగిలింది. ఒక ఊట నీళ్ళే కావాలని మేకలు మారాం చేయడం చూసి కాపరి ఉప్పు ఉనికి పసిగట్టాడని అక్కడి ఐతిహ్యం. అది నిజం కాకపోయినా, ఈ లోయలో జరిగిన తక్కిన కథలకు సరిగ్గా సరిపోయింది. చిన్న రైలెక్కి గని లోపలికి పోవచ్చు.

దారిలో నది మైదానం మధ్య ఒంటరి రాతిగుట్ట తగులుతుంది, సాన్ త్రిఫోన్. మంచు దాని మీద నుంచి పొర్లి నున్నగా చేసి వదిలేసింది. మనుషులు దాని నెత్తిన బురుజు కట్టి, పక్కల నల్లరాయి తవ్వుకున్నారు. ఆ తరవాత ఏగ్ల్ కోట, ద్రాక్షతోటలు. పక్కనే ఇవోర్న్. 1584 మార్చిలో భూకంపం వచ్చిన కొద్ది రోజులకు కొండచరియ జారి ఆ ఊరిని వందలాది మందితో సహా పూడ్చేసింది. ఇప్పుడు ఆ శిథిలాల మీదనే పేరున్న ద్రాక్ష పండుతోంది. మంచు కరిగిపోయాక, అంతవరకూ దాని ఒత్తిడితో నిలబడ్డ నిటారు గోడలు ఆధారం పోయి బలహీనపడతాయి. వేల ఏళ్ళ పాటు ఎప్పుడు ఏది జారుతుందో చెప్పలేం. 563లో సరస్సు ఎగువన తౌరెదునుమ్ అనే కొండ విరిగిపడితే సరస్సులో లేచిన అల జెనీవా దాకా వెళ్ళి మనుషులను ముంచింది. ఆనాటి చరిత్రకారులు రాసిపెట్టారు. ఈ మధ్య సరస్సు అడుగు బురదను పరిశీలించిన జెనీవా శాస్త్రవేత్తలకు దాని ఆనవాలు దొరికింది.

షియోన్ కోట గురించి ఎక్కువ చెప్పను. దాని గురించి చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. కోట ఉన్న రాతి ద్వీపానికీ కొండకూ మధ్య దారి ఎంత ఇరుకో మాత్రం చూడండి. సవాయ్ ప్రభువులు ఇక్కడ కూర్చుని దారిని ఎందుకు గుప్పిట్లో పెట్టుకోగలిగారో అర్థమవుతుంది.

వెవే దాటాక లావో మెట్ల ద్రాక్షతోటలు మొదలు. పన్నెండో శతాబ్దపు సన్యాసులు మంచుగట్ల మట్టి పరచుకున్న వాలును రాతిగోడలతో మెట్లు మెట్లుగా కట్టారు. గోడల మొత్తం పొడవు నాలుగు వందల కిలోమీటర్లు. 2007లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. ఆ గోడల్లో రాళ్ళను ఒక్కొక్కటే చూసుకుంటూ నడవండి. అక్కడి రాయి కానివి, పైలోయల నుంచి వచ్చినవి తగులుతాయి.

మోంతే బండ దక్కడానికి కూడా ఒక పోరాటం జరిగింది. 1905లో యజమాని దాన్ని రాళ్ళు కొట్టే వ్యాపారికి అమ్మేశాడు. శాస్త్రజ్ఞులు, ఊరివాళ్ళు చందాలు పోగుచేసి కొని, 1908లో స్విస్ ప్రకృతి శాస్త్ర సంఘానికి అప్పగించారు. ఆ దేశంలో ప్రకృతి రక్షణ ఉద్యమానికి ఊపిరి పోసిన సంఘటనల్లో ఇది ఒకటి.

మరి మన బండలు?

ఇంతదాకా చదివిన హైదరాబాదు పాఠకులకు అనుమానం వచ్చే ఉంటుంది. గోల్కొండ చుట్టుపక్కలా, ఖాజాగూడలో, దుర్గం చెరువు పక్కన ఒకదాని మీద ఒకటి నిలబడ్డ బండలను కూడా మంచే పేర్చిందా?

లేదు. అవి ఎక్కడి నుంచీ రాలేదు, అక్కడే పుట్టాయి. వాటి గ్రానైటు వయసు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల ఉండగానే దానికి అడ్డంగా నిలువుగా పగుళ్ళు పడ్డాయి. పగుళ్ళలోకి దిగిన నీరు మూలలను ముందుగా కుళ్ళబెట్టింది, ఎందుకంటే మూలకు అన్ని వైపుల నుంచీ తడి తగులుతుంది. చుట్టూ మెత్తబడిన మట్టి వానలకు కొట్టుకుపోయాక గుండ్రని బండలు ఉన్నచోటే బయటపడ్డాయి. పై బండా, కింది నేలా ఒకటే రాయి. మోంతేలో పై రాయి వేరు, కింది రాయి వేరు. వలసబండనూ స్థానిక బండనూ విడదీసే పరీక్ష ఇంత తేలిక.

అలాగని మంచు మనకు బొత్తిగా పరాయిది కాదు. ముప్ఫై కోట్ల ఏళ్ళ కిందట మన భూభాగం దక్షిణ ధ్రువానికి దగ్గరగా ఉండేది. 1856లో ఒడిశాలోని తాల్చేరు దగ్గర, బురదలో ఇరుక్కున్న పెద్ద పెద్ద గుండ్ల పొరను చూసి బ్లాన్‌ఫర్డ్ సోదరులు అది మంచు పని అని గుర్తించారు. 1870ల్లో ఆదిలాబాదుకు అవతల, చంద్రాపూర్ వైపు, పెన్‌గంగ ఒడ్డున ఇరాయి దగ్గర సున్నపురాతి నేల మీద గీతలు దొరికాయి. లూర్తియే వేటగాడు చూసినలాంటి గీతలే. తాల్చేరు పొరలు గోదావరి లోయలో తెలంగాణలోకి కూడా వస్తాయి. ఇక ఇటీవలి మంచుయుగంలో ఇక్కడ మంచు పడకపోయినా, ప్రపంచంలోని నీళ్ళు అంతంత మంచుగా నేల మీద నిలిచిపోవడంతో సముద్రమట్టం 120 మీటర్లు పడిపోయింది. మన కోస్తా తీరం అప్పుడు ఇప్పటికన్నా బాగా తూర్పున ఉండేది.

ఆల్ప్స్ దాకా వెళ్ళే వీలు అందరికీ ఉండదు. హైదరాబాదులో మాత్రం 1996 నుంచి సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ బండల మధ్య నడకలు ఏర్పాటు చేస్తోంది. ఒక ఆదివారం పిల్లలను తీసుకుని వెళ్ళండి. పై రాయీ కింది రాయీ ఒకటేనో కాదో వాళ్ళనే తేల్చమనండి. లేఔట్ల కోసం ఆ బండలను ఏటేటా పగలగొడుతున్నారు కాబట్టి ఎక్కువకాలం వాయిదా వేయకండి.